చంద్రుణ్ణి దించే ఈల

చంద్రుడు మూడోసారి పడ్డప్పుడు ఇమోజీన్ ఫే గారి టోపీ పోయింది.

మొదటిసారి ఆవిడ పక్కన పడ్డాడు. రెండోసారి దర్శకుడు బాష్ గారి కుర్చీలో పడ్డాడు. ఆయన అప్పుడే ఎవర్నో తిట్టడానికి లేచి వెళ్ళాడు కాబట్టి బతికిపోయాడు. మూడోసారి నెలవంక కొన తిన్నగా దిగి వచ్చి, కొక్కెంతో తీసినట్టు ఆవిడ నెత్తిమీది ఈకల టోపీని తీసుకుని పక్కకి వాలింది.

మూడుసార్లూ దించింది లెమ్ స్ట్రౌడే.

లెమ్‌కి అరవై రెండేళ్ళు. పదహారో ఏట ఓడెక్కాడు. ఇరవై రెండో ఏట ఓడ దిగి, న్యూయార్క్ పద్నాలుగో వీధిలో ఒక నాటకశాలలో పైకెక్కాడు. పైకంటే నిజంగా పైకే. వేదికకి నలభై అడుగుల ఎత్తున, జనానికి కనపడని చెక్క అటక ఉంటుంది. తెరలు, కోటలు, అడవులు, చంద్రుడు, అన్నీ అక్కణ్ణుంచే తాళ్ళకి వేలాడుతుంటాయి. కింద పెద్దమేస్త్రీ ఈల వేస్తాడు. పైన లెమ్ దించుతాడు, ఎత్తుతాడు. ఓడలో తెరచాపలకీ అదే పద్ధతి. అందుకే తాళ్ళ పనికి ఓడ మానేసినవాళ్ళనే పెట్టుకునేవారు.

అందుకే నాటకశాలలో ఇంకెవరూ ఈల వేయకూడదు. వేస్తే ఎవరి నెత్తిమీదో అడవి దిగుతుంది. తెలియక వేసినవాళ్ళు బయటికి పోయి, మూడుసార్లు తమ చుట్టూ తాము తిరిగి, తలుపు కొట్టి, లోపలికి రావచ్చా అని అడగాలి. అడిగితే రానిస్తారు. అది ఎవరు పెట్టిన నియమమో ఎవరికీ తెలియదు.

తర్వాత సినిమాలకి మాటలొచ్చాయి. జనం నాటకశాలకి రావడం మానేశారు. పద్నాలుగో వీధి నాటకశాల మూసేసిన వారానికే హాలీవుడ్ నుంచి ఒకాయన వచ్చాడు. నాటకశాల వెనక జరిగే కథ సినిమాగా తీస్తున్నారట. నిజం నిజంగా కనపడాలి కాబట్టి అటక మొత్తం కావాలట. తాళ్ళు అరవై నాలుగు, చంద్రుడు ఒకటి, సముద్రం ఒకటి, మెట్లు రెండు జతలు, ముసలివాడు ఒకడు. సామానుతోపాటు లెమ్‌నీ సరుకుల రైలెక్కించారు. అయిదు రోజుల ప్రయాణం. లెమ్ సముద్రం మీద పడుకున్నాడు. మెత్తగానే ఉంది.

సినిమా పేరు 'ఈల వేసిన పిల్ల'. వెనక వరసలో ఆడే అమ్మాయి ఒకతె ఉంటుంది. పెద్ద నటికి చీలమండ మడత పడుతుంది. ఆ వేళకి ఇంకెవరూ లేక ఈ పిల్లని వేదిక మీదికి తోస్తారు. పిల్ల ఈల పాట పాడుతుంది. పాట అయ్యేసరికి చంద్రుడు దిగి వస్తాడు, పిల్ల పెద్ద నటి అయిపోతుంది. ఈ కథ లెమ్‌కి నమ్మబుద్ధి కాలేదు. నలభై ఏళ్ళలో అతను చాలా చీలమండలు చూశాడు. మర్నాడు ఆ పెద్ద నటి కట్టు కట్టుకుని వచ్చి, రెండో ఆమెని చెంపమీద కొట్టి, తన చోటు తాను తీసుకోవడమే చూశాడు.

ఇక్కడి పద్ధతులు అతనికి తలకెక్కలేదు. నాటకశాల వెనక భాగమే ఈ సినిమాకి ముందు భాగం. దానికి మళ్ళీ ఒక వెనక భాగం ఉంది. ముందున్న వెనక భాగంలో దుమ్ము చల్లడానికి ముగ్గురు మనుషులు, ఒక యంత్రం. వెనకున్న వెనక భాగంలో పడిన దుమ్ము ఊడవడానికి ఇద్దరు. తాళ్ళు లాగేవాళ్ళుగా వేయడానికి ఆరుగురు నటుల్ని తెచ్చారు. ఒక్కొక్కడి ఛాతీ ఒక్కో తలుపంత. వాళ్ళకి పట్టుతాళ్ళు ఇచ్చారు, నిజం తాళ్ళు చేతులు గీరుకుంటున్నాయని. లెమ్‌ని మొదటిరోజే బాష్ గారు ఎగాదిగా చూశాడు.

"ఈ ముసలాయన ఎవరు?"

"తాళ్ళ మనిషండీ" అన్నారెవరో.

"తాళ్ళ మనిషిలా లేడే. కనపడకుండా పైన ఉంచండి."

లెమ్ పైనే ఉన్నాడు. అతనికి కావలసిందీ అదే.

అంతా బాగానే ఉండేది, ఆ పిల్ల వేషం వేస్తున్న ఇమోజీన్ గారికి ఈల వేయడం వచ్చుంటే. ఆవిడ పెదాలు సున్నా చుట్టేవి, గాలి వచ్చేది, ఈల వచ్చేది కాదు. అందుకని మిసెస్ హెస్టర్ ప్లమ్ అనే ఆవిణ్ణి తెచ్చారు. యాభై ఎనిమిదేళ్ళ భారీ మనిషి. నలభై ఒక్క పిట్టల కూతలు కూయగలదు, అందులో రెండు పిట్టలు ఇప్పుడు భూమ్మీద లేవు. ఆవిడ అట్ట స్తంభం వెనక నిలబడి ఈల వేస్తుంది. ముందు ఇమోజీన్ గారు పెదాలు చుడుతుంది.

మొదటి ఈల వినగానే లెమ్ చేతులు పని చేశాయి. చంద్రుడు పడ్డాడు.

ఈల వేసినందుకు మిసెస్ ప్లమ్‌ని బయటికి పంపి మూడుసార్లు తిరిగి రమ్మన్నారు. వరసలో ఆడే అమ్మాయిలందరూ నాటకశాలల నుంచి వచ్చినవాళ్ళే, నియమం తప్పితే ఒక్కతె కూడా ఒప్పుకోలేదు. ఆవిడ తిరిగి వచ్చింది, తలుపు కొట్టింది. ఈ గొడవ వద్దని బాష్ గారు ఒక కరెంటు గంట పెట్టించాడు. "ఇకనుంచి గంట మోగితేనే దించు, ఈలతో నీకు పని లేదు" అన్నాడు. గంట మోగింది. స్టూడియోలో గంటంటే భోజనం. మూడొందల మంది భోజనానికి వెళ్ళిపోయారు, లెమ్‌తో సహా.

గంట తీసేశారు. ఈల మొదలయ్యాక కుర్చీమీద చంద్రుడు పడ్డాడు. మూడోసారి లెమ్ చెవుల్లో దూది కూరారు. అతనికేమీ వినపడలేదు. కాని పైనుంచి మిసెస్ ప్లమ్ బుగ్గలు పొంగడం కనపడింది. టోపీ సంగతి చెప్పాను కదా.

"దిగవయ్యా కిందికి!" అని అరిచాడు బాష్ గారు.

లెమ్ నిచ్చెన దిగి వచ్చాడు. చెవుల్లో దూది తీసుకున్నాడు.

"నాకు అర్థం కాక అడుగుతాను. ఈల వినపడితే వినపడనీ. చేతులు జేబులో పెట్టుకుని నిలబడలేవా?"

"లేనండి."

"ఎందుకని?"

లెమ్ దూది జేబులో పెట్టుకున్నాడు. "ఒకసారి నిలబడ్డాను."

"ఆఁ, ఏమైంది?"

"కోట పడింది. పాటగాడి బొటనవేలు పోయింది."

"అయ్యో."

"గొంతు మాత్రం బాగుపడింది. ఇంకా పైకెళ్ళేది."

వెనక వరస అమ్మాయిలు కిసుక్కుమన్నారు. బాష్ గారు అటు తిరిగి కళ్ళెర్రజేశాడు. ఇమోజీన్ గారు పెట్టెమీద కూర్చుని టోపీలో మిగిలిన ఈకలు ఏరుతోంది. "బాష్, ఆ మనిషైనా ఉండాలి, నేనైనా ఉండాలి. నాకున్నది ఒక్క తలే" అంది.

"విన్నావుగా? రేపు పొద్దున పదింటికి. ఆఖరిసారి. పాట పూర్తయ్యేదాకా చంద్రుడు ఎవరిమీదైనా పడ్డాడా, గేటు బయట ఉంటావు. ఇంక నాటకశాలల్లేవు, తాళ్ళూ లేవు. ఎక్కడికి పోతావో నీ ఇష్టం."

ఎక్కడికి పోవాలో లెమ్‌కి బాగా తెలుసు. జేబులో ఉత్తరం ఉంది. పెటలూమాలో ఉండే బావ గస్ రాశాడు. ఎనిమిది వేల కోళ్ళు. గుడ్లు తుడవడానికి మనిషి కావాలి. గది షెడ్డు వెనకే, కోళ్ళ వెచ్చదనం వస్తుంది, చలి ఉండదు. లెమ్ ఒకసారి అక్కడ వారం ఉన్నాడు. కోడి మనిషిని ఒక కంటితో చూస్తుంది. తర్వాత తల తిప్పి రెండో కంటితో చూస్తుంది. రెండుసార్లు చూసినా దానికేమీ అర్థం కాదు. అలాంటివి ఎనిమిది వేలు. అవన్నీ నిలబడేది నేలమీద. పైకెక్కడానికి ఏమీ లేదు.

స్టేజీ వెనక మెట్లమీద కూర్చుని సాసేజి రొట్టె విప్పాడు. మిసెస్ ప్లమ్ వచ్చి పక్కన కూలబడింది. ఆవిడకి ఇంకా తల తిరుగుతోంది. ఆ రోజు తొమ్మిది గిరకలు తిరిగింది.

"నీ మూలాన నేను బొంగరాన్నయ్యానయ్యా" అంది.

"నీ మూలాన నేను గుడ్లు తుడవాలి, ప్లమ్మమ్మా."

"గుడ్లేమిటి?"

ఉత్తరం ఇచ్చాడు. ఆవిడ చదివి, మడిచి, తిరిగి ఇచ్చింది. "నాకు కోడి కూత కూడా వచ్చు. ఎవరూ అడగరు" అంది. ఆ తర్వాత, "ఇంతకీ నేను ఏమంటే నువ్వు చంద్రుణ్ణి వదులుతున్నావు? నేనేదో అన్నట్టే వింటావుగా?"

"చంద్రుణ్ణి దించు అన్నావు."

"మొదటి వరసలోనే?"

"మొదటి వరసలోనే."

"మరి రెండో వరసలో ఏమంటాను?"

"ఎక్కడ విన్నాను? ఆపండి అని అరుస్తారుగా."

ఆవిడకి పట్టుదల వచ్చింది. "విను" అని, పెదాలు తడుపుకుని, పాట మొదటినుంచి చివరిదాకా మెల్లగా వేసింది. లెమ్ చేతిలోని రొట్టె కిందికి దిగింది. మోకాలి దగ్గర ఆగింది. మళ్ళీ పైకి లేచింది. ఎడమ చెయ్యి ఏమీ లేని తాడుని లాగింది. భుజాలు కదిలాయి. పాట అయ్యేసరికి రొట్టె నేలమీద ఉంది, లెమ్ లేచి నిలబడి ఉన్నాడు, గాలిలో ముడి వేస్తున్నాడు.

"అది పాట కాదు" అన్నాడు.

"మరేమిటి?"

"పని."

తర్వాత అతను తన జన్మలో ఎన్నడూ మాట్లాడనంత మాట్లాడాడు. 'తుఫాను రాణి' అని నాటకం. పద్నాలుగో వీధిలో మూడేళ్ళు ఆడింది. బుధవారం, శనివారం మధ్యాహ్నం ఆట కూడా. రెండో అంకంలో సీను మారాలి. ఓలాఫ్ డ్రమ్ అనే పెద్దమేస్త్రీ కిందనుంచి ఈల వేసేవాడు. చంద్రుడు నడుము ఎత్తుకి దిగాలి. రాణి ఎక్కాలి. చంద్రుడు లేవాలి. ఎడమ మెట్లు, కుడి మెట్లు. సముద్రం. ఉరుము. అన్నీ పైకి. ముడి వెయ్యి, ఇంటికి పో. ఓలాఫ్ ఈలకి ఈ ఈలకి ఒక్క ఊపిరి తేడా లేదు.

"ఇంకో సంగతి" అన్నాడు. "చంద్రుడి బరువుకి మెట్ల బరువు సరి. మెట్లు కదిలితేనే చంద్రుడు ఆగుతాడు. సగంలో ఈల ఆపితే ఆగడు."

"అంటే పడేది నువ్వు దించినందుకు కాదు..."

"వాళ్ళు ఆపినందుకు."

పాట కట్టినాయన గది ఎదురుగానే ఉంది. కిటికీ తెరిచే ఉంది. బట్టతల, చొక్కా చేతులు పైకి మడిచి పియానో కొడుతున్నాడు. మిసెస్ ప్లమ్ కిటికీలో తల పెట్టింది.

"నాయనా, నువ్వు చిన్నప్పుడు ఎక్కడుండేవాడివి?"

"పద్నాలుగో వీధి, నాటకశాల వెనక సందులో. ఎందుకండీ?"

"ఈ ఈల పాట నీకెలా తట్టింది?"

"స్నానం చేస్తుంటే దానంతటదే వచ్చేసిందండీ. ఒక్క స్వరం మార్చాల్సిన పని లేకుండా!" అన్నాడాయన ముఖం వెలిగిపోతూ.

"రాదూ మరి. మూడేళ్ళు ఆ సందులోకే వచ్చింది" అన్నాడు లెమ్. ఆయనకి అర్థం కాలేదు. మెప్పు అనుకుని తల వంచాడు.

బాష్ గారికి చెప్పాలి కదా. లెమ్ టోపీ తీసి చేతిలో పట్టుకుని వెళ్ళాడు. ఆయన కుర్చీకి కొత్త గుడ్డ వేయిస్తున్నాడు.

"అయ్యా, అది పాట కాదండి."

"ఏమిటీ?"

"ఆ పాట. పాట కాదండి."

బాష్ గారు రెండు చేతులూ పైకెత్తాడు. "ఈ స్టూడియోలో గేటు దగ్గరవాడి నుంచి ప్రతివాడికీ సంగీతం తెలుసు! నిన్న మంగలి చెప్పాడు నాట్యం బాగాలేదని. నువ్విప్పుడు పాట బాగాలేదంటావు. వెళ్ళవయ్యా! నోరు తెరవకు, తాడు వదలకు."

లెమ్ వెళ్ళిపోయాడు. నోరు తెరవకపోవడం అతనికి కష్టం కాదు. మెట్లమీద మిసెస్ ప్లమ్ అలాగే కూర్చుని ఉంది.

"విన్నాడా?"

"లేదు. రేపు ఎవరు అరిచినా నువ్వు ఆపకు."

"ఒరే అబ్బాయ్" అంది ఆవిడ, అరవై రెండేళ్ళవాణ్ణి. "నేను నా జన్మలో ఎప్పుడూ ఆపలేదు. నన్నే ఆపేవారు."

మర్నాడు పదింటికి అందరూ సిద్ధం. దుమ్ము చల్లారు. ఆరుగురు నటులూ ఛాతీలకి నూనె రాసుకుని పట్టుతాళ్ళు పట్టుకున్నారు. ఇమోజీన్ గారు కొత్త ఈకల టోపీ పెట్టుకుని, పైకి ఒకసారి, ద్వారం వైపు ఒకసారి చూసి, రెండింటికీ ఎంత దూరమో కొలుచుకుంటున్నట్టు నిలబడింది. కెమెరా మనిషి తన గాజు గదిలో దూరి తలుపు వేసుకున్నాడు. కెమెరా చప్పుడు మైకుకి వినపడకూడదని అలాంటి గది పెట్టారు. అందులో ఉన్నవాడికి బయటిది ఏదీ వినపడదు. ఎర్రదీపం వెలిగితే తీస్తాడు, ఆరితే ఆపుతాడు. దీపం మీట బాష్ గారి కుర్చీ పక్కన ఉంది.

పైన లెమ్ చేతులకి ఉమ్మి రాసుకున్నాడు. చెవుల్లో దూది లేదు. జేబులో ఉత్తరం ఉంది.

దీపం వెలిగింది. బ్యాండు మొదలైంది. స్తంభం వెనక ఈల లేచింది.

చంద్రుడు కదిలాడు.

"ఆపండి!" అని బాష్ గారు లేచాడు.

బ్యాండు ఆగింది. ఇమోజీన్ గారి పెదాలు ఆగాయి. ఈల ఆగలేదు. మిసెస్ ప్లమ్ కళ్ళు మూసుకుని రెండో వరసలోకి వెళ్ళిపోయింది. ఎడమ మెట్లు చీకట్లోంచి కిర్రుమంటూ బయల్దేరాయి. ఇమోజీన్ గారి నడుము దగ్గరికి వచ్చి చంద్రుడు, పెంచుకున్న కుక్కలాగా, ఆగాడు.

"ఆపండి! ఆపమన్నానా!"

మెట్లు తన మీదికే వస్తున్నాయి. పారిపోవడానికి దారి లేదు. ఇమోజీన్ గారికి కనపడ్డది చంద్రుడొక్కడే. ఎక్కి కూర్చుంది. చంద్రుడు లేచాడు.

బ్యాండు వాళ్ళకి ఒక అలవాటుంది. ఎవరి చప్పుడు పెద్దగా ఉంటే వాళ్ళ వెంట పోతారు. బాష్ గారి కంటే మిసెస్ ప్లమ్ ఊపిరితిత్తులు పెద్దవి. బ్యాండు ఆవిడ వెంట పోయింది. కుడి మెట్లు వచ్చి ఎడమ మెట్లకి తగులుకున్నాయి. వెనక వరస అమ్మాయిలు ఇరవై నలుగురూ ఎటూ కాలు పెట్టడానికి చోటు లేక మెట్లెక్కారు. ఎక్కాక ఏం చేయాలో తెలియక ఆడారు. ఆరుగురు నటులు పట్టుతాళ్ళు లాగుతున్నారు. తాము లాగితేనే ఇదంతా జరుగుతోందని వాళ్ళకి నమ్మకం కుదిరింది. ఒకడు ఆనందంతో ఏడ్చాడు.

బాష్ గారు పరిగెత్తుకుంటూ వేదిక మధ్యకి వచ్చాడు. సరిగ్గా అప్పుడు సముద్రం దిగింది. అరవై అడుగుల నీలం గుడ్డ. ఆయన దాని కిందికి పోయాడు. లోపలినుంచి చేతులు కొట్టుకున్నకొద్దీ అలలు లేచాయి. నలభై ఏళ్ళలో అంత మంచి అలలు లెమ్ చూడలేదు. మామూలుగా ఆ పనికి నలుగురు మనుషులు కావాలి.

లెమ్ మోచేత్తో రేకు కొట్టాడు. ఉరుము. కాలితో తాడు తన్నాడు. అన్నీ పైకి లేచాయి. సముద్రం, మెట్లు, అడుగు మెట్టుకి వేలాడుతూ ఇద్దరు అమ్మాయిలు. కింద బాష్ గారు జుట్టు లేచిపోయి నిలబడి ఉన్నాడు. ఈల ఆఖరి వరసకి వచ్చింది. ముడి వెయ్యి, ఇంటికి పో.

లెమ్ ముడి వేశాడు. అమ్మాయిల్నీ, చంద్రుడిమీది ఇమోజీన్ గారినీ భద్రంగా దించాడు. టోపీ పెట్టుకుని వెనక నిచ్చెన దిగి ఇంటికి పోయాడు.

లోపల బ్యాండు వాళ్ళు వాయిద్యాలు దించారు. బాష్ గారు మీట దగ్గరికి నడిచి ఎర్రదీపం ఆర్పాడు. గాజు గది తెరుచుకుంది. కెమెరా మనిషి చెమట తుడుచుకుంటూ బయటికి వచ్చి, "ఇన్నాళ్ళూ చెప్పనే లేదేం సార్, ఇంత పెద్దదని" అన్నాడు.

మర్నాడు ఆ తునక తెరమీద వేసుకుని చూశారు. బాష్ గారు రెండుసార్లు చూశాడు. మూడోసారి చూస్తూ, మొదటినుంచీ తన మనసులో ఉన్నది ఇదేనని చెప్పాడు. ఇమోజీన్ గారు తాను చంద్రుడిమీదికి ఎంత చులాగ్గా ఎక్కిందో చూసుకుని, ఆ ముసలాయన ఉండాల్సిందే అంది. ఆ అలలు ఎవరు లేపారని ఎవరూ అడగలేదు.

"ఇప్పుడు పక్కనుంచి ఒకసారి తీద్దాం. ఏదీ మన తాళ్ళ మనిషి?" అన్నాడు బాష్ గారు.

"మళ్ళీనా?" అన్నాడు లెమ్. నాటకశాలలో ఒక పని పూటకి ఒక్కసారే చేస్తారు.

పక్కనుంచి తీశారు. కిందనుంచి తీశారు. పైనుంచి కూడా తీశారు. అప్పుడు లెమ్‌ని అక్కడ కూడా దాక్కోమన్నారు. ఇలా ఇంకా పదకొండుసార్లు. పదకొండుసార్లూ పాట ఆఖరి వరస వినగానే లెమ్ ముడి వేసి, టోపీ పెట్టుకుని ఇంటికి బయల్దేరాడు. ప్రతిసారీ ట్రాము స్టాపు దాకా మనిషిని పంపి వెనక్కి పట్టుకురావలసి వచ్చింది. నాలుగోసారి ట్రాము ఎక్కేశాడు కూడా. ఆ మనిషి వెనకాల కారులో వెంబడించి మూడో స్టాపులో దింపాడు. పాట ఆఖరి వరస మార్చమని బట్టతలాయన్ని అడిగారు. ఆయన ససేమిరా అన్నాడు, ఒక్క స్వరం మార్చనన్నాడు.

పదకొండోసారి అయ్యాక మిసెస్ ప్లమ్ బయట తన మూడు గిరకలు తిరుగుతోంది. లెమ్ టోపీతో ద్వారం దగ్గరికి వచ్చాడు. ఆవిడ తలుపు కొట్టడానికి చెయ్యి ఎత్తింది. లోపలినుంచి తీశాడు.

"నువ్వు తిరగక్కర్లేదు ప్లమ్మమ్మా. నువ్వు ఇప్పుడు పెద్దమేస్త్రీవి."

"ఆ సంగతి ముందే చెప్పొద్దటయ్యా! నలభై అయిదు గిరకలు తిరిగాను" అని ఆవిడ తలుపు పట్టుకుని, లోకం ఆగేదాకా నిలబడింది. తర్వాతి సినిమాకి కూడా ఇద్దర్నీ ఉండమన్నారని చెప్పింది. అందులో ఓడ ఉందట.

లెమ్ ట్రాము స్టాపులో బల్లమీద కూర్చుని, పెన్సిలు నాలికకి తగిలించి, పెటలూమాకి కార్డు రాశాడు. 'గస్ బావకి. రావడం లేదు. కోళ్ళకి చెప్పు.'

నాలుగు రోజులకి జవాబు వచ్చింది. 'చెప్పాను. ఒక కంటితో చూశాయి. తర్వాత రెండో కంటితో చూశాయి.'